మా గల్లీ మొదట్లో గ్యాస్ట్రోపబ్ వస్తోంది, ఓపెనింగ్‌కు ముందే ఏం అడగాలి?

ప్రశ్న: వడ్డేపల్లి రోడ్డు నుంచి, హనుమకొండ

అందరికీ నమస్తే. మాది వడ్డేపల్లి చెరువు వైపు పోయే రోడ్డుకు ఆనుకుని ఉన్న చిన్న కాలనీ. కాలనీ పేరు, ఆ బిల్డింగ్ పేరు కావాలనే రాయడం లేదు. ఒకరిని బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు, తెలిసినవాళ్లు దారి చూపిస్తారని రాస్తున్నాను.

మా గల్లీ మొదట్లో రెండంతస్తుల ఇల్లు ఒకటి ఉంది, కింద స్టిల్ట్ పార్కింగ్. ఓనర్లు పిల్లల దగ్గరికి వెళ్లిపోయాక చాలా రోజులు తాళం వేసే ఉంది. సంక్రాంతి తర్వాత ఎవరో లీజుకు తీసుకున్నారు. ముందు కోచింగ్ సెంటర్ అన్నారు, తర్వాత హాస్టల్ అన్నారు. హాస్టల్ అంటే ఇక్కడ ఎవరూ పట్టించుకోరు, హనుమకొండలో ఏ గల్లీలో చూసినా ఒకటి ఉంటుంది. తీరా పోయిన వారం ఫ్లెక్సీ కట్టాక తెలిసింది, గ్యాస్ట్రోపబ్ అట, అంటే మందుతో పాటు భోజనం కూడా పెట్టే పబ్. మంచి భోజనం, మంచి సంగీతం, ఫ్యామిలీలకు స్వాగతం అని రాశారు. ఉగాదికి ఓపెనింగ్. సరిగ్గా పదో తరగతి పరీక్షలప్పుడు.

నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. మిషన్ కిటికీ పక్కనే ఉంటుంది, ఆ బిల్డింగ్ ఎదురుగా కనిపిస్తుంది. అక్కడ ఏ సామాను దిగుతోందో రోజంతా నా కళ్లముందే. అన్నిటికంటే ముందు టెర్రస్ మీదికి ఇనుప పైపులు ఎక్కాయి. ఆ తర్వాత నాలుగు మూలల్లో స్పీకర్లు బిగించే స్టాండ్లు వచ్చాయి, అందులో రెండు మా ఇళ్ల వైపే తిరిగి ఉన్నాయి. కింద కార్లు పెట్టుకునే చోటుకు అద్దాలు బిగించి రిసెప్షన్ చేశారు. వంటగది మాత్రం వెనక సెట్‌బ్యాక్‌లో, అంటే బిల్డింగ్ చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో, పక్కింటివాళ్ల కాంపౌండ్ గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డు. ఇది రాస్తున్న ఈ రోజు వరకు దానికి పొగ గొట్టం లేదు. తిండి కోసమే పెడుతున్నామని చెప్పే చోట స్పీకర్ల స్టాండ్లు ముందు లేచి, పొయ్యి మీది పొగ ఎటు పోవాలో ఇంకా తేలకపోతే నాకు ఎలా నమ్మకం కుదురుతుంది? మా అనుమానం అంతా ఇక్కడే ఉంది.

మందు మీద కోపంతో రాస్తున్నానని దయచేసి అనుకోవద్దు. మా అత్తగారిది పర్వతగిరి వైపు ఊరు. చుట్టం వస్తే కల్లు లొట్టి తెప్పించే ఇల్లు అది. పండగకు మైసమ్మకు సాక పోయకుండా మేం ముద్ద ముట్టం. బోటి కూర, తలకాయ కూర వండిన రోజు మగవాళ్లు రెండు గ్లాసులు తాగితే ఎవరూ తప్పు పట్టలేదు. నాకు భయం గ్లాసు గురించి కాదు, గల్లీ గురించి.

మా గల్లీలో రెండు కార్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. పొద్దున స్కూల్ వ్యాను మెయిన్ రోడ్డు నుంచి రివర్స్‌లో వస్తుంది, క్లీనర్ పిల్లవాడు దిగి ‘రానీ, రానీ’ అని అరుస్తూ తెస్తాడు. అలాంటి చోట శనివారం రాత్రి ఇరవై కార్లు ఎక్కడ నిలబడతాయి? ఉన్న పార్కింగ్‌కేమో అద్దాలు బిగించేశారు. ఆ బిల్డింగ్ గేటు ముందున్న జాగాలోనే మేం బతుకమ్మ ఆడతాం. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా కాలనీ ఆడవాళ్లందరం అక్కడే చేరతాం. పక్క గల్లీ వాళ్లు కూడా వాళ్ల బతుకమ్మలు తెచ్చి మా వాటితో పాటే పెడతారు, ఎందుకంటే చుట్టుపక్కల అంత వెడల్పు జాగా వేరే లేదు. సాయంత్రం ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా ఆడతాం. హోటల్‌కు గిరాకీ వచ్చే టైమూ అదే.

ఇంకొకటి మా ఇంటి సంగతి. మా ఆయన కాజీపేటలో గూడ్స్ బండ్ల మీద లోకో పైలట్. డ్యూటీ ఎక్కేటప్పుడు బ్రెత్ అనలైజర్‌లో ఊదాలి, దిగేటప్పుడూ ఊదాలి. ఆ లెక్కలో ఆయన ఎప్పుడూ గట్టిగానే ఉంటారు. ఆయనకు కావాల్సింది నిద్ర. డ్యూటీకి టైమంటూ ఉండదు, కాల్ ఎప్పుడొస్తే అప్పుడు. రాత్రి రెండింటికి బండి ఎక్కాలంటే పన్నెండింటికల్లా ఫోన్ మోగుతుంది, అంటే ఎనిమిదింటికల్లా నిద్రపోవాలి. బొగ్గు నింపిన వ్యాగన్లు వెనక పెట్టుకుని రాత్రంతా సిగ్నల్ చూస్తూ పోయే మనిషి నిద్ర లేకుండా పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మా గల్లీలో ఆయనొక్కరే కాదు, ఎంజీఎం ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే నర్సమ్మ ఉంది, ఈ ఏడు పది రాస్తున్న పిల్లలు ఉన్నారు.

లీజుకు తీసుకున్న అబ్బాయి మంచిగానే మాట్లాడాడు. ‘అక్కా, మేం బార్ పెడుతలేం. ఫ్యామిలీలు వచ్చే ప్లేసు. మీకు ఏ ఇబ్బంది కానియ్యం’ అన్నాడు. మాట మంచిదే, కాకపోతే కాగితం మీద లేదు. నా ప్రశ్న ఇదే: ఓపెనింగ్ కాకముందే ఎవరిని ఏం అడగాలి? ఏది రాతపూర్వకంగా తీసుకోవాలి? ఇలాంటిది మీ ఏరియాలో వచ్చినవాళ్లు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు: మడికొండలో ఐటీ ఉద్యోగిని

ఆంటీ, మీ పార్కింగ్ బాధ, అంకుల్ నిద్ర బాధ నాకు పూర్తిగా అర్థమయ్యాయి. కానీ నా వైపు నుంచి కూడా ఒక మాట వినండి.

2020 జనవరిలో మడికొండలో ఐటీ కంపెనీలు తెరిచాక నాలాంటివాళ్లం చాలామందిమి హైదరాబాద్ వదిలి సొంతూరికి వచ్చాం. అమ్మానాన్నల దగ్గర ఉంటున్నాం, సంతోషంగానే ఉంది. కానీ సాయంత్రం ఆఫీసయ్యాక నలుగురు ఆడపిల్లలం కూర్చుని ఒక గంట మాట్లాడుకోవాలంటే ఎక్కడికి పోవాలి? టిఫిన్ సెంటర్లో ప్లేటు ఖాళీ కాగానే పక్కన ఇంకొకరు నిలబడతారు. బిర్యానీ హోటల్లో ఫ్యామిలీ సెక్షన్ అంటే తెర కట్టిన అర. బార్ల సంగతి మీకు తెలుసు, నల్ల అద్దాలు, లోపల చీకటి, ఆడమనిషి గడప తొక్కితే అందరి తలలూ తిరుగుతాయి. నేను తాగను. నా ఫ్రెండ్ ఎప్పుడైనా ఒక బీర్ తాగుతుంది. ఇద్దరం ఒకే టేబుల్ దగ్గర, వెలుతురులో, మర్యాదగా కూర్చునే చోటు కోసం 140 కిలోమీటర్లు దాటి హైదరాబాద్ పోవడం న్యాయమా?

మీ కాలనీలోనే పెట్టాలని నేను అనడం లేదు. కానీ ఇలాంటివి వచ్చిన ప్రతిసారీ ‘మన దగ్గర వద్దు’ అని ఆపేస్తే మాకు మిగిలేది ఫోన్లో తెప్పించుకుని గదిలో కూర్చుని తినడమే. మీరు ఆపండి అనకుండా ఏం అడగాలి అని రాశారు, అందుకే ఇంత చెప్పాలనిపించింది.

ప్రశ్న అడిగినవారు

బిడ్డా, నువ్వు చెప్పింది నిజం. నా బిడ్డ కూడా బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. అక్కడ రాత్రి తొమ్మిదింటికి ఫ్రెండ్స్‌తో బయట కూర్చుని వీడియో కాల్ చేస్తే నాకేం అనిపించదు, ఇక్కడ మాత్రం ఎందుకు వద్దంటాను? ఆడపిల్లలు భయం లేకుండా వెలుతురులో కూర్చునే చోటు రావాలి. అది మెయిన్ రోడ్డు మీద, పార్కింగ్ ఉన్న బిల్డింగ్‌లో వస్తే నేనే నీతో కలిసి వస్తాను. నలభై అడుగుల రోడ్డు కూడా లేని గల్లీలో, మూసిన పార్కింగ్‌తో వస్తున్నందుకే ఈ గోడు.

జవాబు: కాజీపేట, హోటల్ లైన్ మనిషి

అక్కా, నేను హైదరాబాద్‌లో పెద్ద రెస్టారెంట్ల కిచెన్లలో పనిచేసి ఇప్పుడు కాజీపేటలో సొంతంగా కేటరింగ్ చేసుకుంటున్నాను. మీరు కిటికీలోంచి చూసింది చాలా సరైన చోటు. నేనైతే మెనూ చూడను, ఫ్లెక్సీ చూడను, కిచెన్ చూస్తాను.

ఈ గ్యాస్ట్రోపబ్ పద్ధతి లండన్‌లో 1991లో మొదలైంది. ఈగిల్ అనే పాత పబ్‌ను ఇద్దరు కలిసి తీసుకుని, బార్ కౌంటర్ వెనకాలే పొయ్యి పెట్టి, ఆ పూట ఏం వండారో పలక మీద రాసి అమ్మారు. వచ్చినవాడికి వంట ఎదురుగానే కనిపించేది. తర్వాత అందరూ అదే దారి పట్టారు. అంటే అక్కడ పెట్టుబడి మొదట పోయింది పొయ్యి మీద. మీ దగ్గర రేకుల షెడ్డులో, కాంపౌండ్ గోడ పక్కన పెడుతున్నారంటే ఆ కిచెన్ నుంచి ఫ్రెంచ్ ఫ్రైస్, చిల్లీ చికెన్, మంచూరియా తప్ప ఇంకేం రావు. మందు పక్కకు స్టఫ్ అవుతుంది తప్ప భోజనం కాదు.

నిజంగా తిండి కోసమే పెడితే ఏం కనిపించాలో చెప్తాను. పొగ లాగే డక్ట్ పక్కిళ్ల డాబాల కంటే పైకి లేవాలి. లేకపోతే మీ పక్కింటివాళ్లు ఆరేసిన బట్టలకు రోజూ పోపు వాసన, నూనె జిడ్డు. గ్యాస్ సిలిండర్లు గోడ పక్కన వరసగా పేర్చకుండా గాలి ఆడే విడి చోట, తాళం వేసిన జాలీలో, కిచెన్‌కు పైపుతో కలపాలి. గిన్నెలు కడిగిన నీళ్లు నేరుగా మోరీలోకి పోకుండా మధ్యలో గ్రీజ్ ట్రాప్ ఉండాలి. అది సిమెంట్ తొట్టి లాంటిది, నూనె పైన తేలి ఆగిపోతుంది, కింది నీళ్లు పోతాయి, తేలిన జిడ్డును ఎప్పటికప్పుడు తీసి పడేయాలి. ఇది చిన్న విషయం అనుకోవద్దు. నూనె మోరీలో గడ్డకడితే వాన నీళ్లు పోవు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హనుమకొండ కాలనీల్లో నీళ్లు ఎట్లా నిలబడ్డాయో మనమందరం చూశాం. నయీంనగర్ నాలా పక్కన మా చుట్టాలు మంచాలు డాబా ఎక్కించుకుని కూర్చున్నారు. మీ గల్లీ మోరీ ఎంత వెడల్పుందో, ఎటు పోతుందో ముందే చూసుకోండి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఇది ఆ అబ్బాయి చెడ్డవాడని కాదు. మంచి కిచెన్ పెట్టడానికి డబ్బు చాలా కావాలి, వంటవాళ్లను నిలబెట్టుకోవడం ఇంకా కష్టం, వండింది మిగిలిపోతే పారేయాలి. బీర్ సీసా మిగిలితే రేపు అమ్ముకోవచ్చు. అందుకే తిండి అని మొదలుపెట్టినవాళ్లు కూడా ఆరు నెలలయ్యేసరికి మందు మీదకు, డీజే మీదకు జారిపోతారు. నాకు తెలిసిన చోట్ల అట్లనే అయింది.

మన దగ్గర తిండి కోసం జనం రారా అంటే, వస్తారు. ఆర్మూర్ దగ్గర అంకాపూర్ ఒక ఊరు. నాటుకోడి కూర, అన్నం కోసం ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని పోతారు. స్పీకర్ లేదు, టెర్రస్ లేదు. 2025లో మన వరంగల్ చపాట మిర్చికి జీఐ గుర్తింపు వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే ఆ మిర్చితో కోడి వేయించి, పక్కన సర్వపిండి వేడివేడిగా పెడితే నేనే లైన్లో నిలబడతా. ఆ అబ్బాయిని ఒకటే అడగండి: ‘తమ్మీ, నీ వంటమనిషి ఎవరు, ఏం వండుతాడు?’ టక్కున చెప్తే సగం నమ్మొచ్చు.

జవాబు: నక్కలగుట్ట

ఎక్కువ టెన్షన్ పడకండి, పబ్ రేట్లకు మన దగ్గర నడవదు, సంవత్సరంలో మూతపడుతుంది.

జవాబు: కరీంనగర్ నుంచి

పై అన్న చెప్పినట్టు ‘దానంతట అదే మూతపడుతుంది’ అని మేం కూడా ఊరుకున్నాం. మూతపడింది కూడా. కానీ ఆ లోపల మేం పడ్డది అంతా పడ్డాం.

మా దగ్గర రూఫ్‌టాప్ రెస్టారెంట్ పేరుతో వచ్చింది. మొదటి రెండు నెలలు బ్రహ్మాండంగా నడిపారు, మా ఇంట్లో పుట్టినరోజు కూడా అక్కడే చేసుకున్నాం. తర్వాత గిరాకీ తగ్గింది. తగ్గగానే శుక్ర, శనివారాల్లో డీజే మొదలైంది. పాట ఆగినా కిందికి దిగినవాళ్లు ఆగరు. మా గేటు ముందే బండ్లు, అక్కడే సిగరెట్లు, అక్కడే గొడవలు. మా అమ్మ పొద్దున లేచి ముగ్గు వేయడానికి పోతే గేటు పక్కన ఏం కంపు ఉండేదో రాయలేను. బకెట్ల కొద్దీ నీళ్లు కొట్టి, ఫినాయిల్ పోసి, అప్పుడు ముగ్గు వేసేది. డెబ్బై ఏళ్ల మనిషి. 100కి ఫోన్ చేస్తే పోలీసులు వచ్చేవాళ్లు, సౌండ్ తగ్గేది, జీపు సందు మలుపు తిరగ్గానే మళ్లీ పెరిగేది.

చివరికి పనికొచ్చింది అరుపులు కాదు. కాలనీవాళ్లం అందరం కూర్చుని, బిల్డింగ్ ఓనర్‌ను పిలిచాం, నడిపేవాడిని కాదు. లీజు ఇచ్చింది ఆయన కదా. గల్లీ వైపు గేటు మూసి మెయిన్ రోడ్డు వైపే దారి పెట్టాలని, కార్లకు విడిగా జాగా అద్దెకు తీసుకుని ఒక మనిషిని పెట్టాలని ఆయనతో, నడిపేవాళ్లతో కలిపి రాయించుకున్నాం. గల్లీ గేటు మూసిన రోజు నుంచే సగం బాధ తగ్గింది. అది మొదటి రోజే చేయించుకుని ఉంటే మా అమ్మకు ఆ కష్టం తప్పేది. మీ ఓనర్లు దూరాన ఉన్నా ఫోన్ నంబర్ సంపాదించండి. వాళ్లకు తమ ఇంటి గురించి ఏం జరుగుతోందో పూర్తిగా తెలియకపోవచ్చు.

జవాబు: హనుమకొండ, అడ్వకేట్

మేడం, మీరు అడిగింది సరైన సమయంలో అడిగారు. తెరిచాక ఆపించడం కంటే తెరవకముందు షరతులు పెట్టించడం తేలిక.

ముందుగా, బోర్డు మీద ఏ పేరు రాసుకున్నా మందు అమ్మి అక్కడే తాగించాలంటే ఎక్సైజ్ శాఖ నుంచి బార్ లైసెన్స్ కావాలి, దాన్ని 2బి అంటారు. ‘బార్ పెడుతలేం’ అన్న మాటకు, మందు అమ్మడానికి పొంతన కుదరదు. అందుకని మొదట తేల్చుకోవాల్సింది లైసెన్స్ ఉందా లేదా అని. కొత్తగా తీసుకునే పని లేకుండా, ఇంకో చోట నడుస్తున్న బార్‌ను ఈ బిల్డింగ్‌కు మార్చుకునే దారి కూడా ఉంటుంది. అలా మార్చాలన్నా అనుమతి కావాలి, బిల్డింగ్‌ను అధికారులు వచ్చి చూడాలి. జిల్లా ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ సూపరింటెండెంట్ ఆఫీసులో మీ అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఇదే బిల్డింగ్ పేరుతో ఏమైనా దరఖాస్తు వచ్చిందా, ప్లాన్ ఏమిటి అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఉగాది దగ్గర్లోనే ఉంది కాబట్టి ఈ వారమే వేయండి.

బడి, గుడి, ఆసుపత్రికి 100 మీటర్ల లోపల బార్ పెట్టకూడదు అనే నియమం అందరికీ తెలుసు. కానీ అందులో రెండు చిక్కులు. దూరాన్ని గోడ నుంచి గోడకు కొలవరు, మనిషి నడిచే దారి వెంట గేటు నుంచి గేటుకు కొలుస్తారు. రెండోది, కాలనీవాళ్లం చందాలేసుకుని కట్టుకున్న ప్రతి గుడీ లెక్కలోకి రాదు, దేవాదాయ శాఖలో నమోదైందా అని చూస్తారు. మీ దగ్గర గుర్తింపు ఉన్న స్కూల్ ఉంటే ముందు అది కొలవండి. హైవేకు 500 మీటర్ల లోపల మందు అమ్మకూడదు అనే సుప్రీంకోర్టు తీర్పును కూడా కొందరు ముందుకు తెస్తారు. అది 2016 డిసెంబర్ నాటిది. మున్సిపల్ పరిధిలో ఉన్నవాటికి అది వర్తించదని 2017 జులైలో కోర్టే స్పష్టం చేసింది. దాని మీద సమయం పెట్టకండి.

మీ కేసులో అసలు బలం టెర్రస్. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్ వాడాలంటే అన్ని వైపులా మూసి ఉన్న హాల్ లోపలే వాడాలి. పైకప్పు మీద, ఆకాశం కింద పెట్టింది మూసిన హాల్ ఎట్లా అవుతుంది? అంటే 10 తర్వాత అక్కడ మ్యూజిక్‌కు చోటే లేదు. 10 లోపల కూడా హద్దులున్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ప్రైవేటు స్థలంలో మోగే సౌండ్ ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ పరిమితి కంటే 5 డెసిబెల్స్ మించకూడదు. అందుకే మీ ప్రాంతం మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్‌లో ఉందా, వాణిజ్య జోన్‌లో ఉందా అన్నది కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ (కుడా) ఆఫీసులో తెలుసుకోవడం అవసరం.

2022 సెప్టెంబరులో జూబ్లీహిల్స్ పబ్బుల కేసులో మన హైకోర్టు రాత్రి 10 తర్వాత సౌండ్ వద్దని ఆదేశం ఇచ్చిన సంగతి పేపర్లో చదివి ఉంటారు. తర్వాత డివిజన్ బెంచ్ దాన్ని అక్కడి పది పబ్బులకే పరిమితం చేసింది. కాబట్టి ఆ ఆదేశం మీద కాదు, 2000 నాటి నియమాల మీద నిలబడండి. అవి ఊరూరికీ ఒకటే.

పార్కింగ్ సంగతి కార్పొరేషన్‌ది. స్టిల్ట్‌ను పార్కింగ్‌గా చూపించి ప్లాన్ తీసుకుని ఇప్పుడు అద్దాలు బిగించి వాడుకోవడం ప్లాన్‌కు విరుద్ధం. నివాసం కోసం అనుమతి తీసుకున్న ఇల్లా, వాణిజ్యానికి మార్చుకున్నారా అన్నది కూడా టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లోనే తేలుతుంది. సెట్‌బ్యాక్‌లో షెడ్డు అయితే ఇక చెప్పక్కర్లేదు, అగ్నిప్రమాదం జరిగితే మనుషులు తిరగాల్సిన జాగా అది. ఫొటోలు తేదీతో తీసి పెట్టుకోండి.

ఇంకొకటి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మందు అమ్మకూడదు. హనుమకొండ నిండా ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలే. వయసు కార్డు చూసి లోపలికి పంపుతామని, సీసీ కెమెరా గేటు దగ్గర పెడతామని ఆ అబ్బాయి నుంచి రాయించుకోండి. నిజంగా ఫ్యామిలీల కోసమే నడిపేవాడికి ఇది రాసివ్వడానికి ఇబ్బంది ఉండదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చేతులెత్తి దండం. మీరు రాసినవన్నీ కాగితం మీద రాసుకుని ఆదివారం సాయంత్రం కాలనీవాళ్లం ఆ అబ్బాయిని కూర్చోబెట్టాం. ఆయన రాడేమో అనుకున్నారు కొందరు. వచ్చాడు, ఒక్కడే వచ్చాడు. చాయ్ ఇచ్చి మాట్లాడాం.

కరీంనగర్ తమ్ముడు చెప్పినట్టు బిల్డింగ్ ఓనర్లకు కూడా ఫోన్ చేశాం. కింద పార్కింగ్ మూసేశారని వాళ్లకు తెలియదు. రెస్టారెంట్ అని చెప్పి లీజు రాయించుకున్నారట, మందు మాట అందులో లేదట. ఓనరమ్మ చాలా బాధపడ్డారు. ‘ఆ ఇల్లు మా అత్తమ్మ నీళ్లు పట్టి కట్టించుకున్నది’ అన్నారు. లీజు కాగితం మళ్లీ చూసి చెప్తామన్నారు.

కేటరింగ్ అన్న అడగమన్న ప్రశ్న నేనే అడిగాను, వంటమనిషి ఎవరు అని. ఇంకా కుదరలేదన్నాడు. వంటగది షెడ్డు తీసేసి లోపలికి మార్చుతానని, డక్ట్ పక్కింటి డాబా కంటే ఎత్తుకు లేపుతానని, మోరీకి గ్రీజ్ ట్రాప్ కట్టిస్తానని ఒప్పుకున్నాడు. గల్లీ వైపు గేటు మూసి మెయిన్ రోడ్డు వైపే దారి పెడతానన్నాడు. వయసు కార్డు చూడటానికీ సరే అన్నాడు. ఇవన్నీ తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. స్టిల్ట్ అద్దాలు తీసే సంగతి మాత్రం ఓనర్లతో మాట్లాడి చెప్తానన్నాడు.

టెర్రస్ దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాడు. పదింటికి సౌండ్ బంద్ చేస్తానని రాయమంటే పెన్ను కింద పెట్టాడు. ‘అక్కా, టెర్రస్, మ్యూజిక్ లేకపోతే ఇక్కడికి ఎవరొస్తరు?’ అన్నాడు. మా అందరి ముందు ఆయన నోటితో ఆయనే అన్నాడు. నేను కిటికీలోంచి చూసి అనుకున్నదానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? తిండి కోసం వస్తారని ఆయనకే నమ్మకం లేదు.

కాలనీలో కొందరు మగవాళ్లు మొత్తానికే రానివ్వొద్దు, ధర్నా చేద్దాం అంటున్నారు. నేను ఒప్పుకోలేదు, ఇంకా ఒప్పుకోను. మడికొండ అమ్మాయి రాసింది వాళ్లకు చదివి వినిపించాను. మంచి చోటు, మంచి తిండి పెడితే మన పిల్లలే పోతారు. మేం అడ్డం చెప్పేది టెర్రస్ మీది సౌండ్‌కు, మూసిన పార్కింగ్‌కు. ఈ రెండూ తేలితే నేను ఓపెనింగ్ రోజు బొట్టు పెట్టించుకోవడానికి పోతాను. తేలకపోతే ఎక్కడిదాకైనా పోతాను. ఇంటికి వచ్చి మూడు గంటలు కూడా పడుకోకుండా మా ఆయన బండి ఎక్కే పరిస్థితి నేను రానివ్వను.

సోమవారం కలెక్టరేట్‌లో దరఖాస్తులు తీసుకునే ప్రజావాణికి పోతున్నాం. కాలనీ నుంచి పన్నెండు మంది సంతకాలు అయ్యాయి, నర్సమ్మ డ్యూటీ దిగి నేరుగా కలెక్టరేట్‌కే వస్తానంది. అడ్వకేట్ గారూ, ఒక్క సందేహం: టెర్రస్ సౌండ్, పార్కింగ్, లైసెన్స్ అన్నీ ఒకే దరఖాస్తులో రాయొచ్చా, విడివిడిగా ఇవ్వాలా?

జవాబు: హనుమకొండ, అడ్వకేట్

విడివిడిగా ఇవ్వండి మేడం. ఒకే కాగితంలో రాస్తే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతూ ఉండిపోతుంది. పార్కింగ్, షెడ్డు గురించి కార్పొరేషన్ కమిషనర్ పేరున, లైసెన్స్ గురించి ఎక్సైజ్ సూపరింటెండెంట్ పేరున, సౌండ్ గురించి పోలీస్ కమిషనర్ పేరున రాయండి. మూడింటి కాపీలు కలెక్టర్‌కు ఇచ్చే దరఖాస్తుకు జత చేయండి. ఆ అబ్బాయి సంతకం పెట్టిన కాగితం జిరాక్స్ కూడా పెట్టండి, ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. రసీదు మీద తేదీ, నంబర్ పడ్డాయో లేదో అక్కడే చూసుకుని రండి.